పన్నెండవ యేటి బిడ్డ: అన్నము, నిద్ర, తండ్రి మాట



మా మనుమనికి గత శ్రావణమాసములో పన్నెండు సంవత్సరములు నిండినవి. ఏడవ తరగతి చదువుచున్నాడు. వచ్చే విద్యాసంవత్సరము నుండి వానిని ‘ఐఐటీ ఫౌండేషన్’ బోధించు ఒక హాస్టల్ పాఠశాలలో చేర్పింపవలెనని మా అబ్బాయి, కోడలు తలపోసినారు. దరఖాస్తు పత్రము తెచ్చి ఉంచినారు. ఉగాదిలోపల మొదటి విడత ఫీజు చెల్లింపవలెనట. మాఘ పౌర్ణమినాటి రాత్రి అందరమును భోజనమునకు కూర్చున్నాము. పెద్దలు ర్యాంకులను గూర్చి, ఫీజులను గూర్చి మాటలాడుకొనుచుండగా పిల్లవాడు పెరుగన్నము కలుపుకొనుచు నన్నొక ప్రశ్న అడిగినాడు.

“తాతయ్యా, అక్కడ రాత్రి లైటు ఎన్నింటికి తీస్తారు?”

నా యొద్ద సమాధానము లేదు. వాని తండ్రి యొద్దను లేదు. ఆ పాఠశాలలో ఏ సంవత్సరము ఎందరికి సీట్లు వచ్చినవో మా అబ్బాయికి కంఠస్థము. పిల్లలు ఎన్ని గంటలకు పరుండెదరో ఎవ్వరును అడిగియుండలేదు. ఆ రాత్రి నుండి ఈ విషయము నన్ను వదలలేదు. వేదాంత విషయములను చర్చించుకొను ఈ చోట బడిపిల్లల నిద్రను గూర్చి వ్రాయుట ఏమని కొందరికి తోచవచ్చును. ఉపనిషత్తులే ఈ వయస్సు బిడ్డలను ఎంతో శ్రద్ధతో గమనించినవని నా మనవి.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమును స్మరింపుడు. తత్త్వమసి మహావాక్యోపదేశము గల ఆ అధ్యాయము తండ్రీకొడుకుల సంభాషణతోనే ప్రారంభమగుచున్నది. ఉద్దాలక ఆరుణి తన కుమారుడైన శ్వేతకేతువును విద్యాభ్యాసమునకు పంపినాడు. అప్పుడు ఆ బాలునికి పన్నెండు సంవత్సరములు. ధర్మసూత్రములు ఉపనయనమునకు చెప్పిన వయస్సులును ఎనిమిది, పదకొండు, పన్నెండు. నేటి జాతీయ విద్యావిధానము (2020) ఆరు నుండి ఎనిమిది తరగతులను, అనగా పదకొండు నుండి పదునాలుగేండ్ల వయస్సును, మాధ్యమిక దశగా విభజించినది. బాల్యము ముగిసి మరియొక జన్మ ఆరంభమగు సంధి ఇది యని ప్రాచీనులును నవీనులును గుర్తించినారు.

ఆ సంధిలో ఏమి జరుగుచున్నదో చూడుడు. ఐదవ తరగతి వరకు అన్నింటికిని ఒక్క టీచరే చాలును. బిడ్డ ముఖము వాడినచో ఆమె గమనించును. ఆరవ తరగతిలో గణితమునకు ఒకరు, సైన్సునకు ఒకరు, సాంఘికమునకు వేరొకరు వత్తురు. మన రాష్ట్రములలో అనేక పాఠశాలలందు హిందీయు అప్పుడే మొదలగును. అంకెల స్థానములో అక్షరములు వచ్చి బీజగణితము ఆరంభమగును. గంట మ్రోగగానే టీచరు మారును. ఒకే టీచరు దినమంతయు బిడ్డను చూచు వ్యవస్థ పోవును. దేహమును అప్పుడే మారుట ఆరంభించును. బాలుని కంఠస్వరము మారును, బాలిక రజస్వల యగును. ఇంట పెద్దలు మాత్రము “ఇప్పుడు పెద్దవాడవైనావు” అని చేయి విడుతురు. చేయి విడువదగిన వయస్సు ఇది కాదని నా అభిప్రాయము. పట్టుకొను విధానము మార్చుకొనవలసిన వయస్సు.

మొదట అన్నమును గూర్చి. అదే అధ్యాయములో ఉద్దాలకుడు చేయించిన ప్రయోగమును మనము ప్రవచనములలో విందుము గాని ఇంటికి తెచ్చుకొనము. పదునైదు దినములు అన్నము తినకుము, నీరు మాత్రము కావలసినంత త్రాగుము అని కుమారుని ఆదేశించినాడు. పదునారవ దినమున వేదమంత్రములను చెప్పుమనగా శ్వేతకేతువు తనకేమియు స్ఫురించుట లేదన్నాడు. పన్నెండు సంవత్సరములు అధ్యయనము చేసిన విద్వాంసుడు! పెద్ద అగ్నిలో మిణుగురుపురుగంత నిప్పురవ్వ మాత్రము మిగిలినచో అది ఏమి దహింపగలదని తండ్రి అడిగినాడు. తరువాత భుజింపుమన్నాడు. భుజించిన పిమ్మట అడిగినవన్నియు స్ఫురించినవి. మనస్సు అన్నమయమని ఆ తండ్రి వాక్యమాత్రముగా చెప్పక బిడ్డ అనుభవములోనికి తెచ్చినాడు.

మా చెల్లెలి మనుమరాలు ఎనిమిదవ తరగతికి వచ్చిన ఏడాది మార్కులు తగ్గినవి. పుస్తకము ముందు కూర్చుండి శూన్యములోనికి చూచుచుండెడిది. మెట్లెక్కిన ఆయాసపడెడిది. సోమరితనమన్నారు. దృష్టిదోషమన్నారు. సరస్వతీపూజ చేయించినారు, శనివారము ఉపవాసముంచినారు. ఆ ఉపవాసమును విన్నప్పుడు నాకు శ్వేతకేతువు స్మరణకు రాకపోవుట నా దోషమే. చివరకు ఒక డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించగా హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర వచ్చినది. పన్నెండు నుండి పదునాలుగేండ్ల వయస్సులో డెసిలీటరుకు 12 గ్రాములకన్న తక్కువైన అది రక్తహీనతయే. కొన్ని మాసములు ఐరన్ మాత్రలు వాడిన తరువాత ఆ అమ్మాయి మరల మునుపటివలె ఇంట కలహమాడుట ప్రారంభించినది. అందరమును సంతోషించితిమి.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పదునైదు నుండి పందొమ్మిదేండ్ల బాలికలలో సగమునకు పైగా రక్తహీనత గలవారే. ఆ లోటు ఆ వయస్సులో హఠాత్తుగా రాదు. మాధ్యమిక దశలోనే, ఋతుస్రావము మొదలై దేహము వేగముగా ఎదుగునప్పుడు, దానికి పునాది పడును. ప్రభుత్వ పాఠశాలలలో వారమునకొకసారి ఇచ్చు నీలిరంగు మాత్ర ఇందుకొరకే. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ ఆమ్లము ఉండును. సంవత్సరములో రెండుమార్లు ఇచ్చు నులిపురుగుల మాత్రయు దీనికి తోడుగానే. “మా పిల్లకు ఎందుకండీ ఆ మాత్రలు” అని మాన్పించు తల్లులను నేనెరుగుదును. మాన్పింపకుడు. మన పెద్దలు రజస్వలయైన పిల్లకు నువ్వులు, బెల్లము దంచి చిమ్మిలి చేసి పెట్టెడివారు. ఆ ఆచారమును ఫంక్షన్ హాలు ఫోటోలకు పరిమితము చేయక ఏడాది పొడవునా పాటింపవచ్చును. ఆకుకూర పప్పుపై నిమ్మరసము పిండిన ఇనుము ఒంటికి పట్టును. భోజనముతోపాటు టీ, కాఫీలు ఇచ్చిన పట్టదు. రజస్వలా వేడుక ఎంత ఘనముగా చేసిన మీ ఇష్టము. ఆ పేరున పిల్ల బడి మాన్పించుట, ఆమెకు విషయము వివరింపక భయమును మాత్రము మిగుల్చుట తగదు. తల్లి చెప్పలేనిచో పిన్నియో, అత్తయో ముందుగానే చెప్పవలెను.

ఇంతకన్న సామాన్యమైనది ఉదయపు టిఫిను. ఏడింటికి బస్సు అన్న నెపముతో రెండు బిస్కెట్లు నోట కుక్కి పంపుట అనేక గృహములలో నిత్యకృత్యము. ఇంటర్వెల్‌లో చిప్స్ ప్యాకెట్టు. మూడవ పీరియడ్‌లో వాడు లెక్క తప్పు చేసినచో మనము ట్యూషను మాస్టరును వెదకుదుము. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకమునకు కోనసీమ అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. రాగిజావయు ఇచ్చుచున్నారు. ప్రభుత్వ బడి పిల్లవానికి దొరకు ఆ రాగిజావ వేలు పోసి చదివించు పిల్లవానికి దొరకకపోవుట విచిత్రమే.

ఇక నిద్ర. చరకుడు దేహమును నిలబెట్టు ఉపస్తంభములు మూడని చెప్పి ఆహారము తరువాత నిద్రనే లెక్కించినాడు. భగవద్గీత ఆరవ అధ్యాయములో భగవానుడు అతిగా నిద్రించువానికి యోగము లేదని చెప్పినాడు. అతిగా మేల్కొనువానికిని లేదని అప్పుడే చెప్పినాడు. మనము మొదటిదానిని పిల్లలకు వినిపించి రెండవదానిని మరచుచున్నాము. అమెరికా నిద్రావైద్య నిపుణుల సంఘము 2016లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము పన్నెండేండ్ల వరకు బిడ్డకు దినమునకు తొమ్మిది నుండి పన్నెండు గంటల నిద్ర కావలెను. పదమూడు నుండి ఎనిమిది నుండి పది గంటలు. మా మనుమని లెక్క నేను వేసి చూచితిని. రాత్రి పదిన్నరకు హోమ్‌వర్కు ముగియును. ఐదింటికి లేపుదురు. ఆరున్నర గంటలు. ఇంటియందే ఈ స్థితి.

ఇచ్చట మన సాధకలోకమునకు ఒక మాట, కొంచెము కఠినముగా. సూర్యోదయమునకు గంటా ముప్పదియారు నిమిషముల ముందు ప్రారంభమగు బ్రాహ్మీముహూర్తము పవిత్రమైనది. సందేహము లేదు. నేనును ఆ వేళ లేచువాడనే. నేను తొమ్మిదింటికి పరుండుదును. పిల్లవానిని పదకొండింటి వరకు చదివించి, నాలుగున్నరకు బ్రాహ్మీముహూర్తమని లేపుట ఏ శాస్త్రమును చెప్పలేదు. యౌవనారంభములో దేహమునందలి గడియారము ఒకటి రెండు గంటలు ఆలస్యముగా తిరుగును. రాత్రి త్వరగా నిద్ర పట్టదు, ఉదయము మెలకువ రాదు. ఇది ప్రకృతిధర్మము, సోమరితనము కాదు. బ్రాహ్మీముహూర్తము కావలసినచో ఇల్లంతయు ఎనిమిదిన్నరకు భోజనము ముగించి దీపము తగ్గింపవలెను. మరి మన ఇండ్లలో ఆ వేళకు సీరియలు నడుచుచుండును. పెద్దాయన ఫోనులో ప్రవచనము పెద్ద స్వరముతో వినుచుండును. నన్ను గూర్చియే చెప్పుచున్నాను. మాఘ పౌర్ణమి తరువాత ఇయర్‌ఫోను కొనుకొన్నాను.

ఫోనును గూర్చి ప్రత్యేకముగా చెప్పుటకు ఎక్కువ లేదు. శ్రేష్ఠుడు ఏది ఆచరించునో ఇతరులు దానినే అనుసరింతురని గీత మూడవ అధ్యాయమున ఉన్నది. తండ్రి ఫోను పడకగదిలో ఉన్నంతవరకు కొడుకు ఫోను హాలులో ఉండదు. ఆటకు దినమునకు ఒక గంట కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆరుబయట వెలుతురులో ఆడిన బిడ్డలకు దూరదృష్టి మందగించుటయు తక్కువ. సాయంకాలము ఆ గంటను ట్యూషనుకు ఇచ్చివేయు తల్లిదండ్రులు రెండు విధముల నష్టపోవుచున్నారు.

ఇప్పుడు వ్రాయుటకు నాకు కష్టమైన భాగము. మా అబ్బాయి ఏడవ తరగతిలో ఉండగా గణితములో నూటికి ముప్పదియెనిమిది వచ్చినవి. ప్రోగ్రెస్ కార్డుపై సంతకమునకు మూడు దినములు తెచ్చి చూపలేదు. చూచిన దినమున నేను పూజలో ఉంటిని. లేచి వచ్చి అన్న మాట నేటికిని నా చెవులలో ఉన్నది. “నీవంటివాడు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.” వాడు ఏమియు అనలేదు. నేను మరల పూజలో కూర్చుంటిని.

కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యజ్ఞము చేయుచున్నాడు. ఇక నీరు త్రాగలేని, గడ్డి మేయలేని, పాలీయలేని ముసలి గోవులను దానము చేయుచున్నాడు. చూచిన బాలుడు నచికేతుడు “నన్ను ఎవరికి ఇచ్చెదవు” అని ఒకటికి మూడు మార్లు అడిగినాడు. విసిగిన తండ్రి నిన్ను మృత్యువునకు ఇచ్చుచున్నానన్నాడు. యజ్ఞశాలలో కూర్చున్న తండ్రి నోటి నుండి వచ్చిన మాట అది. బిడ్డ దానిని మాటగా తీసికొనలేదు, ఆజ్ఞగా తీసికొని యముని ద్వారమున మూడు రాత్రులు నిరాహారముగా నిలిచినాడు. యమధర్మరాజు వరములు కోరుకొనుమన్నప్పుడు మొదటి వరముగా కోరినదేమి? ఆత్మవిద్యను కాదు, అది మూడవది. తన తండ్రి మనస్సు శాంతించవలెనని, తనపై కోపము తొలగవలెనని, తాను తిరిగి వెళ్ళినప్పుడు తనను గుర్తించి ప్రేమతో పలుకరింపవలెనని. మృత్యువు ఎదుట నిలిచిన బాలుని మొదటి కోరిక తండ్రి ముఖప్రసన్నత.

భాష్యములు చదివి, ఈ కథను ఎన్నో వేదికలపై చెప్పిన నాకు ఇది మా అబ్బాయి విషయములో తట్టుటకు ఇరువదియేండ్లు పట్టినది. ఒకనాడు వానినే అడిగితిని, ఆ మాట జ్ఞాపకమున్నదా యని. “ఉంది నాన్నగారూ. ఆ తర్వాత లెక్కల పుస్తకం తెరిస్తే మీ గొంతే వినిపించేది” అన్నాడు. ముప్పదియెనిమిది మార్కులకు కారణము భిన్నములు అర్థము కాకపోవుటయే. నాలుగు ఆదివారములలో నేర్పదగిన విషయము. నేను కోపపడినది వాని లెక్కకు కాదు. ఇరుగుపొరుగు వారికి చెప్పుకొనవలసిన నా అంకెకు.

తండ్రి ఎట్లుండవలెనని అడిగినచో తైత్తిరీయము భృగువల్లిలో వరుణుని చూపుదును. భృగువు బ్రహ్మమును బోధింపుమని తండ్రి వద్దకు వచ్చినాడు. వరుణుడు లక్షణము చెప్పి, తపస్సు చేసి తెలిసికొనుమన్నాడు. అన్నమే బ్రహ్మమని తెలిసికొని భృగువు మరల వచ్చినాడు. అట్లే ప్రాణము, మనస్సు, విజ్ఞానము. నాలుగు పర్యాయములు తిరిగి వచ్చిన కుమారునితో వరుణుడు తప్పనలేదు, ఉత్తరమును చెప్పివేయలేదు. ప్రతిసారియు తపస్సు చేయుమనియే అన్నాడు. ఆదివారము రాత్రి థర్మోకోల్ కోసి పిల్లవాని సైన్సు ప్రాజెక్టు తాను చేసిపెట్టు తండ్రియు, తప్పు రాగానే పుస్తకము విసరు తండ్రియు వరుణునికి సమదూరములో ఉన్నారు. మొదటివానిపై నాకు కొంత సానుభూతి ఉన్నది, టీచర్లు ఇచ్చు ప్రాజెక్టులు అట్టివి. బిడ్డ ఎన్ని మార్లు తప్పు ఉత్తరముతో వచ్చినను తలుపు తెరచియుండుటయే వరుణుడు చేసినది. ఎనిమిదవ తరగతి పిల్లవాడు బడిలో జరిగిన అవమానమును, స్నేహితుని ద్రోహమును, ఎవరో పంపిన చెడు వీడియోను ఇంట చెప్పగలుగుట ఆ తలుపుపైననే ఆధారపడియుండును.

మా అబ్బాయి నాకు ఇచ్చిన ప్రతివాదమును దాచుట న్యాయము కాదు. “మీ శ్వేతకేతువును పన్నెండేళ్ళకే పంపేశారుగా నాన్నగారూ, పన్నెండేళ్ళు ఇంటి ముఖం చూడలేదుగా” అన్నాడు. నిజమే. గురుకులమునకే పంపినారు. గురుకులమనగా గురువుగారి గృహము. గురుపత్ని వడ్డించు అన్నము, కట్టెలు తెచ్చుట, గోవులను మేపుట. ఒక హాలులో అరువది మంచములు, గోడపై వారపు ర్యాంకుల పట్టిక దానికి సమానము కావు. మరియొకటి, ఇరువదినాలుగేండ్లకు సకలవేదములు చదివి వచ్చిన శ్వేతకేతువు గర్వముతో వచ్చినాడని శ్రుతియే చెప్పుచున్నది. తెలిసికొనవలసినది తెలియలేదని గ్రహించి తండ్రి ఇంట కూర్చుండబెట్టి మరల మొదటి నుండి చెప్పవలసి వచ్చినది.

అయినను హాస్టళ్ళన్నింటిని నిందించుట నా ఉద్దేశము కాదు. ఇంట రెండు పూటల అన్నము, చదువుకొను చోటు లేని బిడ్డలకు ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులములు చేసిన మేలు ప్రత్యక్షము. ఆ గురుకులములో చదువుచున్న నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ పదమూడేండ్ల ప్రాయమున, 2014 మే 25న, ఎవరెస్టు శిఖరమును అధిరోహించినది. ఆ తల్లిదండ్రులు బిడ్డకు ఇంట ఈయలేనిదానిని ఇచ్చుటకు పంపినారు. మనము ఇంట ఉన్నదానిని తీసివేయుటకు పంపుచున్నాము. రెండింటికిని వాడు పేరు మాత్రము ఒక్కటే. కేంద్ర విద్యామంత్రిత్వశాఖ 2024 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకములలో పదునారేండ్లలోపు వారిని కోచింగ్ కేంద్రములలో చేర్చుకొనరాదని చెప్పినది. పాఠశాల టైంటేబుల్ లోపలనే కోచింగు ఉన్నప్పుడు ఆ మాటకు ఆచరణలో ఎంత విలువయో మనకు తెలియును.

ఇదంతయు మా అబ్బాయితో ఒక్కసారిగా చెప్పలేదు. ముప్పదియేండ్ల క్రిందటి నా మాట తరువాత వానికి ఉపదేశించు అధికారము నాకు కొంత తగ్గినది. ఒక్కటే కోరితిని. పిల్లవాడు అడిగిన ప్రశ్నను ఆ పాఠశాలవారిని అడుగుమంటిని. నిన్న ఫోను చేసినాడు. లైటు పదకొండింటికి తీయుదురట. పరీక్షల వారములలో పదకొండున్నరకు. ఉదయము ఐదింటికి గంట. ఆట శనివారము సాయంకాలము నలుబది నిమిషములు. ఫోను పెట్టి మా అబ్బాయి చాలసేపు మాటలాడలేదు. కోడలు లెక్క వేసి “ఆరు గంటలే” అన్నది. తరువాత లేచి వెళ్ళి మనుమని గదిలో దీపము ఆర్పినది. అప్పుడు తొమ్మిది నలుబది. హోమ్‌వర్కులో ఇంకను రెండు లెక్కలు మిగిలియున్నవని వాడు చెప్పగా, టీచరుకు తాను చీటీ వ్రాసి ఇచ్చెదనన్నది.

దరఖాస్తు పత్రము దేవుని గూటి క్రింది సొరుగులో ఉన్నది. ఉగాదికి ఇంకను మూడు వారములు ఉన్నవి.